యాది పోవడం, ఎరుక పోవడం

మన ఆసిఫాబాద్ ప్రాంతపు తెలుగులో రెండు మాటలు ఉన్నాయి: యాది, ఎరుక. ‘యాదిలేదు’ అంటే జ్ఞాపకం లేదని, ‘ఎరుకలేదు’ అంటే తెలియదని అర్థం. మొదటిది ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరినది. రెండవది అచ్చతెలుగు మాట. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బును గురించి చెప్పేటప్పుడు మనవారు మొదటి మాటనే వాడుతారు. ‘‘బాపుకు ఏమీ యాది ఉంటలేదు సార్’’ అంటారు. కాని ఆ కుటుంబాన్ని ఎక్కువగా వేధించేది రెండవ మాటకు సంబంధించిన సంగతి. తనకు యాది ఉండడం లేదన్న విషయమే ఆ పెద్దాయనకు ఎరుకలేదు. ‘‘నాకేమైంది? మంచిగనే ఉన్న. మీకే లేనిపోని రంది’’ అంటాడు. కొడుకుకు కోపం వస్తుంది. కోడలికి అనుమానం వస్తుంది. ఈయన కావాలని బుకాయిస్తున్నాడా, నిజంగానే తెలియదా?

ఈ ప్రశ్న మన ఇళ్లలో కొత్తగా పుట్టినది కాదు. వైద్యశాస్త్రం నూరేళ్లకు పైగా దీనితో పెనుగులాడింది. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క విధంగా జవాబు చెప్పింది. ఆ చరిత్రను మీ ముందుంచాలని ఈ వ్యాసం రాస్తున్నాను. జవాబు ఏదని మనం నమ్ముతామో, దానిని బట్టే ఆ మనిషితో మన నడవడి ఉంటుంది గనుక ఇది కేవలం పండితుల చర్చ కాదు.

రెండు వేల సంవత్సరాల కిందట రోమ్ నగరంలో సెనెకా అనే తత్త్వవేత్త ఉండేవాడు. లుసిలియస్ అనే మిత్రుడికి ఆయన రాసిన లేఖలలో యాభయ్యవ దానిలో ఒక విచిత్రమైన సంగతి ఉంది. ఆయన భార్య ఇంట్లో హర్పస్తే అనే పేరుగల హాస్యకత్తె ఉండేది. ఆమెకు ఉన్నట్టుండి చూపు పోయింది. కాని తాను గుడ్డిదాననయ్యానన్న సంగతి ఆమెకు తెలియదు. ఇల్లు చీకటిగా ఉన్నదని, తనను వేరే గదిలోకి మార్చమని పరిచారికను అడుగుతూ ఉండేదట. సెనెకా ఈ విషయాన్ని ఒక నీతి చెప్పడానికి వాడుకున్నాడు. మనమందరమూ మన దోషాలను ఎరుగని హర్పస్తేలమే అన్నాడు. నీతి మంచిదే గాని, ఒక వైద్యునిగా నాకు కొంత చింత కలుగుతుంది. అంత చక్కని పరిశీలనను ఉపదేశం కింద వదిలేయక, ఆమెను మరి నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆ పని జరగడానికి పందొమ్మిదవ శతాబ్దం చివరి దాకా ఆగవలసి వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో గాబ్రియేల్ ఆంటన్ అనే వైద్యుడు, మెదడు దెబ్బతిని చూపో వినికిడో పోయినా ఆ లోపాన్ని గుర్తించని రోగులను గురించి 1899లో వివరంగా రాశాడు. కళ్లు బాగానే ఉన్నాయి. చూపును గ్రహించే మెదడు భాగం చెడింది. దానితో పాటు, చెడిందని తెలుసుకునే మార్గమూ మూసుకుపోయింది. గుడ్డితనాన్ని ఎరుగని ఆ స్థితిని నేటికీ ఆంటన్ పేరుతోనే పిలుస్తాము.

తరువాత వచ్చినవాడు జోసెఫ్ బాబిన్‌స్కీ. ఈయన పేరు మీరు విని ఉండకపోవచ్చు గాని ఆయన పరీక్షను చూసే ఉంటారు. పక్షవాతం వచ్చిన మనిషి అరికాలిపై డాక్టరు తాళంచెవితో గీసి, బొటనవేలు పైకి లేస్తుందా, కిందికి ముడుచుకుంటుందా అని చూస్తాడే, అది ఆయన 1896లో చెప్పినదే. ఆయన 1914 జూన్‌లో పారిస్ నాడీవైద్యుల సంఘం ముందు కొందరు రోగులను గురించి మాట్లాడాడు. వారికి శరీరం ఎడమ పక్క పడిపోయింది. చేయి ఎత్తమంటే ఎత్తలేరు. అయినా చేతికి ఏమీ కాలేదన్నట్టే ప్రవర్తిస్తారు. ఈ స్థితికి ఆయన ‘అనోసోగ్నోసియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘నోసోస్’ అంటే రోగం, ‘గ్నోసిస్’ అంటే తెలివిడి, ముందున్న అకారం లేమిని తెలుపుతుంది. ఆ గ్నోసిస్, మన సంస్కృతంలోని జ్ఞానం ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. కాబట్టి దీనిని రోగజ్ఞానరాహిత్యం అనవచ్చు. ఇది నిజమైన అజ్ఞానమా, నటనా అన్న ప్రశ్నను బాబిన్‌స్కీయే లేవనెత్తాడు. మన కోడలి అనుమానం ఆయనకూ వచ్చిందన్నమాట. రెండు నెలలు తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం మొదలై, నాడీవైద్యుల దృష్టి తూటా గాయాల వైపు మళ్లింది.

పక్షవాతం వచ్చినవారిలో ఈ లక్షణం ఎంత గట్టిగా ఉండగలదో చెప్పడానికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌కు 1974 డిసెంబర్ 31న పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. చక్రాల కుర్చీలో ఉన్న ఆ పెద్దమనిషి తనకేమీ కాలేదన్నాడు, తనతో కొండలెక్కడానికి రమ్మని విలేకరులను పిలిచాడు. దేశంలోకెల్లా పెద్ద న్యాయస్థానంలో సాక్ష్యాలను తూచిన మేధస్సు ఆయనది. తన ఎడమ కాలు ఇచ్చే సాక్ష్యం మాత్రం ఆయనకు అందలేదు. చివరకు 1975 నవంబర్‌లో పదవి విడిచిపెట్టాడు. చదువూ తెలివితేటలూ ఉన్నవారికి ఇటువంటిది రాదనుకునేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ఇంతవరకూ చెప్పినది గుడ్డితనం, పక్షవాతం సంగతి. మతిమరుపు జబ్బు చరిత్ర మరొక రకంగా, దాదాపు ఇందుకు విరుద్ధంగా, మొదలైంది.

1901 నవంబర్ 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఆగుస్టే డెటర్ అనే యాభై ఒక్క ఏళ్ల స్త్రీని చేర్చారు. ఆమె భర్త రైల్వేలో గుమాస్తా. భర్తపై అకారణమైన అనుమానం, వంటలో తప్పులు, వస్తువులను దాచిపెట్టడం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం ఆమె లక్షణాలు. మరునాడు ఆమె పక్కన కూర్చుని ప్రశ్నలు వేసిన వైద్యుడే అలోయిస్ ఆల్జైమర్. పేరేమిటని అడిగితే ఆగుస్టే అన్నది. ఇంటిపేరు అడిగితే ఆగుస్టే అన్నది. భర్త పేరు అడిగినా, కొంత తడబడి, అదే చెప్పింది. మధ్యాహ్నం మాంసమూ కాలీఫ్లవరూ తింటూ ఉండగా ఏమి తింటున్నావని అడిగితే పాలకూర అన్నది. తన పేరు రాయమంటే ‘శ్రీమతి’ అన్న మాట దగ్గర ఆగి, మిగతాది మరిచిపోయింది. ఆ పరీక్షల నడుమ ఆమె మళ్లీ మళ్లీ ఒక మాట అన్నది. తనను తాను పోగొట్టుకున్నానన్నది ఆ మాట సారాంశం.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలని నా కోరిక. ఈ జబ్బు వైద్యగ్రంథాలకు ఎక్కడానికి కారణమైన రోగి తన స్థితిని ఎరుగని మనిషి కాదు. భర్త పేరు చెప్పలేకపోయింది గాని, తనలో ఏదో జారిపోతున్నదని చెప్పగలిగింది. యాది పోయినా ఎరుక కొంత మిగిలింది. ఆల్జైమర్ ఆ మాటను పట్టించుకుని రాసిపెట్టాడు. అది ఆయన గొప్పతనం.

తరువాత జరిగినది వేరు. 1906 ఏప్రిల్ 8న ఆమె చనిపోయింది. అప్పటికి ఆల్జైమర్ మ్యూనిక్‌లో ఉన్నాడు. ఆమె మెదడును అక్కడికి తెప్పించుకుని సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. నాడీకణాల్లో చిక్కుముడులను, కణాల మధ్య పేరుకున్న మచ్చలను చూశాడు. అదే సంవత్సరం నవంబర్ 3న ట్యూబింగెన్ సభలో ఆ సంగతులు వివరిస్తే శ్రోతలలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు. 1910లో ఆయన గురువు క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి శిష్యుడి పేరు పెట్టాడు. ఇక లోకానికి మిగిలినవి చిక్కుముడులూ మచ్చలూ మాత్రమే. ఆగుస్టే మాటలు ఉన్న దస్త్రం ఆసుపత్రి గిడ్డంగిలో ఎక్కడో పడిపోయింది. దానిని 1995 డిసెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యుడు కొన్రాడ్ మౌరర్, ఆయన సహచరులు వెదికి పట్టుకున్నారు. దాదాపు తొంభై ఏళ్ల పాటు ఆ జబ్బును గురించి ప్రపంచమంతా చదివింది, మొదటి రోగి ఏమన్నదో మాత్రం చదవలేదు.

ఆ తొంభై ఏళ్లలో వైద్యులు రోగి మాటను ఎంతగా పక్కకు నెట్టారో తెలియాలంటే 1968 నాటి ఒక కొలమానాన్ని చూడాలి. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో బ్లెస్డ్, టామ్లిన్సన్, రాత్ అనే ముగ్గురు జరిపిన పరిశోధన చాలా గొప్పది. ముసలితనపు మతిమరుపుకూ, ఆల్జైమర్ చూసిన మచ్చలకూ సంబంధం ఉన్నదని అంకెలతో చూపినది అదే. అయితే అందులో జబ్బు తీవ్రతను కొలిచే పట్టిక అంతా బంధువులనో దగ్గరివారినో అడిగి నింపేది. డబ్బు లెక్క పెట్టగలరా, దారి గుర్తుపడతారా, బట్టలు తామే కట్టుకుంటారా వంటివన్నీ పక్కవారిని అడిగే ప్రశ్నలు. జ్ఞాపక పరీక్షలు రోగికి వేరుగా పెట్టేవారు. నీకేమనిపిస్తున్నదని అడిగే గడి మాత్రం ఎక్కడా లేదు. అప్పటి వైద్యుల తర్కం సులభమైనదే: మతిపోయినవాడు తన మతిని గురించి ఏం చెబుతాడు?

మరొక పక్క మనస్తత్వవేత్తలు ఇంకొక దారి పట్టారు. 1955లో అమెరికాకు చెందిన వైన్‌స్టీన్, కాన్ అనే ఇద్దరు, జబ్బు లేదని చెప్పడం మనిషి తనను తాను కాపాడుకునే పద్ధతి అని ఒక పుస్తకంలో వాదించారు. భరించలేని నిజాన్ని మనసు తోసిపుచ్చుతుందని వారి భావం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. జబ్బు తొలిదశలో చాలామంది దాచుకుంటారు. పెళ్లిలో బంధువు పేరు గుర్తురాక ‘‘ఏం కాక, మంచిగున్నవా’’ అని గడిపేస్తారు. కాగితం మీద సంతకం చేయమంటే కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయంటారు. ఈ దాపరికానికి కారణం సిగ్గు. దాచుకుంటున్నారంటేనే తెలుసునన్నమాట. కాని వైన్‌స్టీన్ వాదాన్ని జబ్బు మొత్తానికి అంటగట్టడం వల్ల హాని జరిగింది. ‘నిజాన్ని ఒప్పుకోవడం లేదు’ అనగానే అందులో ఒక నేరారోపణ ధ్వనిస్తుంది. ఒప్పించాలన్న పట్టుదల ఇంట్లోవారికి కలుగుతుంది.

1990ల చివరికి చిత్రం మరింత తేటపడింది. 1998లో ఆగ్న్యూ, మోరిస్ అనే బ్రిటిష్ పరిశోధకులు, తన లోపాన్ని తాను తెలుసుకోవాలంటే మెదడు చేయవలసిన పనులను విడదీసి చూపారు. పొరపాటు జరిగిన క్షణంలో అది పొరపాటని పట్టుకోవాలి. పట్టుకున్నదానిని గుర్తుంచుకోవాలి. గుర్తున్నదానితో, ‘నేను ఇటువంటి మనిషిని’ అని మనలో ఉన్న పాత పద్దును సవరించుకోవాలి. ఈ మూడింటిలో ఎక్కడ తెగినా ఎరుక చెడుతుంది. ఆల్జైమర్స్ జబ్బులో ఎక్కువగా తెగేది రెండవ, మూడవ చోట్ల. తాళంచెవి పోగొట్టుకున్నప్పుడు ఆయనకు తెలుస్తుంది, విసుక్కుంటారు కూడా. అరగంటకు ఆ సంగతి చెరిగిపోతుంది. రేపు మీరు అడిగితే ఆయన తన పాత పద్దు తెరిచి చదువుతారు. అందులో ‘నా జ్ఞాపకశక్తి మంచిది’ అని ఇరవై ఏళ్ల కిందట రాసి ఉంది. ఆయన చదివింది చదివినట్టే చెబుతున్నారు. మోరిస్, ఆయన సహచరులు 2009లో ఈ స్థితికి శిలగా మారిన ‘నేను’ అనే అర్థంలో ఒక పేరు పెట్టారు.

నేను చూసిన ఒక పెద్దాయన కాగజ్‌నగర్ పేపరు మిల్లులో పనిచేసి విరమణ పొందినవారు. వారు తెల్లవారుజామున లేచి, మొదటి షిఫ్టుకు వేళవుతున్నదని చొక్కా వేసుకునేవారు. ‘‘బాపు, నీ నౌకరి అయిపోయి పదిహేనేండ్లయింది’’ అని కొడుకు రోజూ చెప్పేవాడు, రోజూ కొట్లాట అయ్యేది. ఆయన భార్య మాత్రం ఒకనాడు ‘‘ఇయ్యాళ హాలిడేనట, చాయ్ తాగు’’ అన్నదట. ఆయన చాయ్ తాగి కూర్చున్నారు. అబద్ధం చెప్పవచ్చునా అని నన్ను ఎవరైనా అడిగితే ధర్మశాస్త్రం చెప్పలేను గాని, ఆ ఇంట్లో ఎవరి వైద్యం పనిచేసిందో చెప్పగలను.

ఎరుక పోవడం ఎప్పుడు మొదలవుతుంది? షికాగోలోని రష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండువేల మందికి పైగా వృద్ధులను ఏళ్ల తరబడి పరిశీలించి 2015లో దీనికి ఒక జవాబు చెప్పారు. డిమెన్షియా అని నిర్ధారణ కావడానికి సగటున రెండున్నర ఏళ్ల ముందే, తన జ్ఞాపకశక్తి తగ్గుతున్నదన్న గ్రహింపు మొద్దుబారడం మొదలవుతుందని తేలింది. అందరికీ ఒకే సమయంలో అని కాదు. ముందు కొంతకాలం తేడా తెలుస్తుంది, తరువాత ఆ తెలివిడే సన్నగిల్లుతుంది. ముందుమెదడు దెబ్బతినే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాలో అయితే ప్రవర్తన మారిన తొలినాళ్లలోనే ఎరుక పోతుంది. నిన్నటిదాకా మర్యాదస్థుడైన మనిషి నలుగురిలో అనకూడని మాటలంటాడు, అన్నందుకు బాధపడడు. యాది మాత్రం చాలాకాలం బాగానే ఉంటుంది. అందుకే అటువంటి కుటుంబాలు డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వస్తాయి, భూతవైద్యుడి దగ్గరికో పంచాయతీ పెద్దల దగ్గరికో ముందు వెళతాయి.

ఎరుక అనేది దీపం ఆర్పినట్టు ఒకేసారి పోయేదీ కాదు. అది చోట్లు చోట్లుగా మిగులుతుంది. వాంకిడి వైపు పల్లె నుంచి ఒక అవ్వను తీసుకువచ్చారు. ‘‘అవ్వా, యాది మంచిగ ఉంటున్నదా?’’ అంటే ‘‘మంచిగుంటున్నది బిడ్డా, నాకేం కొదవ’’ అన్నది. ‘‘మరి అంగడికి పోవుడు ఎందుకు బంద్ చేసినవ్?’’ అని అడిగాను. కొంచెంసేపు ఊరుకుని, ‘‘పైసల లెక్క కలుస్తలేదు బిడ్డా. నలుగురిల ఇజ్జత్ పోతది’’ అన్నది. యాది గురించి అడిగితే దొరకని జవాబు అంగడి గురించి అడిగితే దొరికింది. మీ ఇంట్లో పెద్దవారిని అడిగేటప్పుడు ఈ తేడా గమనించండి. ‘మరుపు వస్తున్నదా’ అనే ప్రశ్న కంటె, వారు ప్రతిదినం చేసే పనిని గురించిన ప్రశ్న ఎక్కువ చెబుతుంది.

తెలియనట్టే కనిపించేవారిలో కూడా లోపల ఏదో తెలుస్తూనే ఉంటుందనడానికి ఒక పాత ప్రయోగం ఉంది. జెనీవాలో క్లపరేడ్ అనే వైద్యుడి వద్ద, జరిగినది జరిగినట్టే మరిచిపోయే ఒక స్త్రీ ఉండేది. ఆయన ఒకనాడు వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆమెతో చేయి కలిపాడు. కొద్దిసేపటికే ఆమె దానిని మరిచిపోయింది. కాని తరువాత చేయి చాపితే తన చేయి వెనక్కి లాక్కున్నది. ఎందుకో చెప్పలేకపోయింది. ఆయన దీనిని 1911లో రాశాడు. ఈనాడు అటువంటి ప్రయోగం చేస్తే నైతిక సంఘం అనుమతించదు, అనుమతించకూడదు కూడా. దాదాపు నూరేళ్ల తరువాత, 2014లో, అమెరికాలోని అయోవా పరిశోధకులు ఆల్జైమర్స్ ఉన్నవారికి దుఃఖం కలిగించే సినిమా ముక్కలు, సంతోషం కలిగించేవి వేరువేరుగా చూపారు. సినిమా ఏమిటో వారు త్వరగా మరిచిపోయారు. కలిగిన దుఃఖం మాత్రం సినిమా చెరిగిపోయిన తరువాత కూడా నిలిచింది. పొద్దున మీరు గట్టిగా కసిరిన సంగతి బాపుకు మధ్యాహ్నానికి గుర్తుండదు, ఆ నొప్పి మాత్రం ఉంటుంది. ఏ కారణమూ లేకుండా మూతి ముడుచుకున్నాడని మీరనుకునే మనిషికి కారణం ఉండి ఉండవచ్చు.

ఇక మన సొంత చరిత్రకు వద్దాం. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహ పరిశోధకులతో కలిసి చేసిన పరిశోధన 2013లో ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలిస్తే, వారిలో 391 మంది రెండో అంతకు మించో భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారికంటె వీరికి జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించడం దాని ప్రత్యేకత. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ కలగలిసిన నగరం గనుకనే ఆ పరిశోధన అక్కడ సాధ్యమైంది. మన ఆసిఫాబాద్ అంగడిలో నిలబడితే తెలుగు, గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ ఐదూ వినిపిస్తాయి. మనలో చాలామందికి ఇది వింతగా తోచదు.

అయితే ఆ పరిశోధనలో జబ్బు ఏ వయసులో మొదలైందన్నది ఎవరు చెప్పారు? కుటుంబసభ్యులే చెప్పారు. చెప్పక తప్పదు, వేరే మార్గం లేదు. మా ప్రాంతంలో మాత్రం ఈ కుటుంబసాక్ష్యానికి ఒక చిక్కుంది. పెద్దవారికి మనం పని అప్పగించము. పెన్షను డబ్బు కొడుకు తెస్తాడు, మందులు కోడలు ఇస్తుంది, అంగడికి మనుమడు పోతాడు. చేయవలసిన పని లేనప్పుడు తప్పు బయటపడదు. ఇంట్లోవారికీ కనబడదు, ఆయనకూ కనబడదు. తన లోపం తనకు తెలియాలంటే ఎక్కడో ఒకచోట అది తగలాలి కదా. దానికి తోడు, ‘ముసలితనంలో ఇంతేలే, చాదస్తం’ అన్న మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది. కాశీలో ఈ విషయాన్ని పరిశీలించి 1998లో పుస్తకం వెలువరించిన లారెన్స్ కోహెన్ అనే మానవశాస్త్రవేత్త, అరవై దాటినవాడి మతి తప్పుతుందని చెప్పే హిందీ మాటను, వృద్ధుడి మతి చెడితే కుటుంబం సరిగా చూడలేదని లోకం వేలెత్తి చూపడాన్ని వివరించాడు. ఆ వేలికి భయపడి దాచేవారు మన దగ్గరా ఉన్నారు. దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం, అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారు. వారిలో పేరు పెట్టి చికిత్స అందుకుంటున్నవారు చాలా తక్కువని మీరూ నేనూ కళ్లతో చూస్తున్నదే.

పరీక్షల భాష మరొక సంగతి. ఐసీఎంఆర్ పూనికతో దేశభాషలలో తయారైన జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షలు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలలో ఉన్నాయి. చదువురానివారికి తగినట్టు కూడా మలిచారు. ఇది చిన్న పని కాదు. అంతకుముందు తెల్లవారి పరీక్షను అనువదించి, గడియారం బొమ్మ గీయమని, ఎన్నడూ గడియారం కట్టని మనిషిని అడిగేవాళ్లం. కాని ఆ ఐదింటిలో గోండి లేదు, కొలామి లేదు. జైనూరు, కెరమెరి, తిర్యాణి గూడేల నుంచి వచ్చే వృద్ధుడికి తెలుగు అంగడి భాష, మనసు చెప్పుకునే భాష గోండి. జబ్బు ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవడం తరచుగా చూస్తాము. అటువంటివారిని తెలుగులో ప్రశ్నించి, జవాబు రాకపోతే ‘ఎరుక లేదు’ అని రాసుకోవడం న్యాయం కాదు. పక్కన గోండి తెలిసిన నర్సో ఆశా కార్యకర్తో ఉంటే ఆ చీటీ మీద రాసేది మారవచ్చు.

వైద్యుల గదిలో పనికివచ్చే ఒక పాత సూత్రం కూడా ఇక్కడ చెప్పాలి. తనంతట తానే వచ్చి, ‘‘నాకు ఏమీ గుర్తుండడం లేదు, భయమేస్తోంది’’ అని తేదీలతో సహా చెప్పుకునేవారిలో చాలామందికి ఉండేది కుంగుబాటు, నిద్రలేమి, థైరాయిడ్ లోపం, బి12 లోపం వంటి సరిచేయదగినవి. భార్యో కొడుకో బలవంతంగా లాక్కువస్తే, ‘‘నాకేం కాలేదు’’ అని నవ్వుతూ కూర్చునేవారి విషయంలో మాకు ఆందోళన ఎక్కువ. అయితే ఇది సూత్రమే గాని శాసనం కాదు. జబ్బు తొలిదశలో తానే పసిగట్టి వచ్చేవారు ఉన్నారు, వారిని ‘నీకు గాభరా ఎక్కువ’ అని పంపించివేయడం పెద్ద నష్టం. రక్తపరీక్షలు ముందు చేయించండి.

తెలిసినవారు ఏం చేయగలరో కూడా చరిత్రలో ఉంది. 1994 నవంబర్ 5న అమెరికా మాజీ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ తనకు ఆల్జైమర్స్ ఉన్నదని స్వయంగా చేతితో ఉత్తరం రాసి దేశప్రజలకు తెలిపాడు. మరుసటి సంవత్సరం ఆస్ట్రేలియాలో క్రిస్టీన్ బ్రైడెన్ అనే ఉన్నతాధికారిణికి నలభై ఆరేళ్ల వయసులో డిమెన్షియా అని చెప్పారు. ఆమె తన అనుభవాన్ని పుస్తకంగా రాసింది, అంతర్జాతీయ సభల వేదికలెక్కి, మమ్మల్ని గురించి మాట్లాడేటప్పుడు మమ్మల్నీ అడగండి అన్నది. 1968 నాటి పట్టికలో లేని గడిని వీరు తామే గీసుకున్నారు.

మన దేశంలో ఆ గడికి చట్టం ఒక రూపం ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్రమైన లోపం కూడా ఉంది. 2018 మే నుంచి అమలులో ఉన్న ఈ చట్టం ప్రకారం, తనకు నిర్ణయశక్తి పోయిన రోజున ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగానే రాసిపెట్టవచ్చు. దీనికి ముందస్తు ఆదేశం అని పేరు. బ్యాంకు ఖాతాలకు నామినీ రాసే మనవారిలో దీనిని గురించి విన్నవారు అరుదు. దీనిని రాయవలసింది ఆ మనిషే, తెలిసి రాయగల స్థితిలో ఉన్నప్పుడే. షికాగో వారు లెక్కగట్టిన ఆ రెండున్నర ఏళ్లను గుర్తుంచుకుంటే, జబ్బు నిర్ధారణ అయ్యేదాకా ఆగితే కొందరికి ఆలస్యం అవుతుందని మీకు అర్థమవుతుంది. జబ్బు పేరు బాపుకు చెప్పవద్దని గది బయట నన్ను పక్కకు పిలిచి బతిమాలే కొడుకులకు నేను చూపేది ఈ లెక్కనే. వారిలో కొందరు ఒప్పుకుంటారు. కొందరు మరో డాక్టరు దగ్గరికి వెళతారు. మంచిర్యాలకో, కరీంనగర్‌కో, దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకో వెళ్లలేనివారు ఇంటి నుంచే ప్రభుత్వ టెలి మానస్ సంఖ్య 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.